ఎడమ చేతుల లెక్క

'గురుదర్శి' సీరియల్ – పదకొండో భాగం

పోయిన వారం హన్నాను కంప్యూటర్ గదిలో వదిలి వచ్చాం. టిఫిన్ డబ్బా మూత తీసి ముందు పెట్టుకుంది కానీ ముద్ద నోటి దాకా పోలేదు. తెర మీద శేఖర్ సార్ పాఠం నడుస్తోంది. అందులో ఆమెకేదో కనిపించింది. అదేమిటో చెప్పకుండా కథ ఆపేసినందుకు మీలో కొందరికి కోపం వచ్చిందట. రావాల్సిందే. అయితే ఈ కథలో హన్నాకు ఉన్న కోపంలో అది చారెడు కూడా ఉండదు.

ఆ కోపం ఎక్కడిదో తెలియనివారికి నాలుగు ముక్కల్లో చెబుతాను. ఖిలా వరంగల్ పోయే దారిలో అక్షరతోరణం హైస్కూలు. హన్నా అక్కడ ఏళ్ల తరబడి లెక్కలు చెబుతోంది. గోడలకు చెవులుంటాయని పెద్దలు సామెతగా అన్నారు. ప్రిన్సిపాల్ ఓంప్రకాశ్ ఈ ఏడాది ఆ గోడలకు కళ్లు కూడా పెట్టించాడు. ప్రతి క్లాసులో బోర్డుకు పైన ఒక కెమెరా, ఒక మైకు. వాటి వెనకాల గురుదర్శి అనే ఏఐ. టీచరు ఎంతసేపు మాట్లాడింది, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు, ప్రశ్న అడిగితే ఎన్ని చేతులు లేచాయి, అన్నీ చూసి వారం వారం వందకు ఇన్ని అని మార్కులు వేస్తుంది. ఏం మార్చుకోవాలో కూడా చెబుతుంది. ఆ రిపోర్టు ఆ టీచరుకు, ప్రిన్సిపాల్‌కు తప్ప మూడో మనిషికి తెలియకూడదన్నది రూలు.

హన్నాకు నలభై మూడు వచ్చాయి. శేఖర్ కూడా లెక్కల టీచరే, పైగా మిషన్ బాధ్యత అతనిది. ఆగస్టులో పేరెంట్స్ మీటింగు పెట్టినప్పుడు ఆ రిపోర్టును పెద్ద తెర మీద వేశాడు. అంతటితో ఊరుకోలేదు. హన్నా ప్రశ్న అడగడం, పిల్లలు నోరు తెరవకముందే జవాబు తానే చెప్పేయడం, మళ్లీ అడగడం, మళ్లీ తానే చెప్పడం, ఆ ముక్కలన్నీ ఏరి ఒకదాని వెనక ఒకటి అతికించి వినిపించాడు. హాలు హాలంతా నవ్వింది. మర్నాడు పదో తరగతిని ఆమె చేతిలోంచి తీసి శేఖర్‌కు అప్పగించారు. ఆమెను ఆరో తరగతికి దించారు. పిల్లలు 'ఫార్టీ త్రీ మేడమ్' అని పేరు పెట్టారు. కాలిన పుండు మీద కారం చల్లినట్టు, అన్నం వేళ కంప్యూటర్ గదిలో కూర్చుని, తొంభై నాలుగు తెచ్చుకున్న శేఖర్ సార్ పాఠాలు చూసి నేర్చుకోమని ప్రిన్సిపాల్ ఆర్డరు వేశాడు.

నిజం ఒప్పుకోవాలంటే, మిషన్ చెప్పినదాంట్లో తప్పు లేదు. హన్నాకూ ఆ సంగతి తెలుసు. ఆరో తరగతిలో ఇప్పుడు ఆమె ప్రశ్న అడిగి నాలుక కరుచుకుని నిలబడుతోంది. మొదట్లో దిక్కులు చూసిన పిల్లలు నెమ్మదిగా నోరు విప్పుతున్నారు. మిషన్ ఆమె తప్పును ఆమె చెవిలోనే చెప్పింది. దాన్ని ఊరంతా వినేలా మైకులో చెప్పింది శేఖర్. అందుకే ఆమె పగంతా శేఖర్ మీదే ఉంది.

ఇక తెర దగ్గరికి వద్దాం.

శేఖర్ క్లాసు చూడముచ్చటగా ఉంటుంది. అతను ప్రశ్న అడగడమే ఆలస్యం, చేతులన్నీ లేస్తాయి. ఒక్క చెయ్యి కూడా బెంచీ మీద మిగలదు. అది చూసి గురుదర్శి మురిసిపోయి మార్కులు గుమ్మరిస్తుంది. హన్నా కూడా ఇన్నాళ్లూ ఆ చేతులు చూసే కుళ్లుకుంది. ఆ మధ్యాహ్నం మాత్రం పాఠం వినే ఓపిక లేక, శబ్దం ఆపేసి, ముద్ద కలుపుతూ ఊరికే చేతుల వైపు చూసింది. కొన్ని కుడి చేతులు. కొన్ని ఎడమ చేతులు. ఇంకో పాఠం పెట్టి చూసింది. అందులోనూ అంతే. కుడి చెయ్యి లేపిన పిల్లలే లేచి జవాబు చెబుతున్నారు.

ముద్ద డబ్బాలోకి జారిపోయింది.

వర్ధన్నపేటలో ఆమె చదివిన బడిలో సదానందం సార్ అని ఒకాయన ఉండేవాడు. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే ముందు రోజు క్లాసంతటికీ ఒకటే పాఠం. "అడిగినప్పుడు అందరు చేతులు లేపాలె. జవాబొచ్చినోళ్లు కుడి చెయ్యి, రానోళ్లు ఎడమ చెయ్యి. సమజైందా?" ఇన్‌స్పెక్టర్ కంటికి బడి నిండా తెలివైన పిల్లలే. సదానందం సార్‌కు మాత్రం ఎవరిని లేపాలో, ఎవరి జోలికి పోకూడదో తెలుసు. ఇన్‌స్పెక్టర్ ఆ పిల్లల వీపులు నిమిరి, టీ తాగి, మెచ్చుకుని పోయేవాడు. హన్నా కూడా ఆ బడిలో ఎన్నోసార్లు ఎడమ చెయ్యి లేపింది. అదే పాత ఉపాయానికి ఇప్పుడు కోటు తొడిగి, కెమెరా ముందు నిలబెట్టాడు శేఖర్. మార్కులు వేసేటప్పుడు గురుదర్శికి చెయ్యి లేచిందా లేదా అన్నదే లెక్క. ఏ చెయ్యి అన్నది చూసుకోమని దానికి ఎవరూ చెప్పలేదు.

హన్నా పకపకా నవ్వింది. ఆగస్టు తర్వాత ఆమె అట్లా నవ్వడం అదే మొదలు. నవ్వు ఆపుకుని, చెయ్యి కడుక్కుని, గురుదర్శిని ఒక ప్రశ్న అడిగింది. 'ఎడమ చెయ్యి లేపిన పిల్లల్లో శేఖర్ సార్ ఎంతమందిని లేపి జవాబు అడిగాడు?'

తెర మీద చక్రం కాసేపు గిర్రున తిరిగాక మిషన్ చెప్పింది. 'ఇప్పటిదాకా ఉన్న రికార్డింగుల్లో ఎడమ చెయ్యి లేపిన విద్యార్థిని ఉపాధ్యాయుడు ఒక్కసారి కూడా పిలవలేదు.'

దాచాలని దానికేం లేదు పాపం. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, అది చెప్పలేదు. చేతివాటం ఎడమైన పిల్లలు క్లాసుకు ఒకరో ఇద్దరో ఉంటారు. ఇందరుంటారా? హన్నా కుర్చీలో వెనక్కి వాలి, ఏ పిల్లలో ఆ ఎడమ చేతుల వాళ్లు అని ఒక్కొక్కరినే పోల్చుకోసాగింది. అందరూ ఆమె ఎరిగిన పిల్లలే. రెండో బెంచీలో ధర్మసాగర్ నుంచి బస్సులో వచ్చే సింధు. ఆ వెనక బడి వాచ్‌మన్ కట్టయ్య మనవడు. కిటికీ పక్కన, జడలకు నీలం రిబ్బన్లు కట్టుకున్న ప్రియాంక.

ప్రియాంక హన్నా కన్నకూతురు.

బొమ్మను ఆపి దగ్గరికి లాగి చూసింది. పుట్టినరోజుకు కొనిచ్చిన వాచీ ఉన్న చెయ్యే పైకి లేచి ఉంది. ఇంకో రోజు పాఠం పెట్టింది. ఎడమ చెయ్యే. దసరా సెలవుల ముందు పాఠం పెట్టింది. ఎడమ చెయ్యే. చెయ్యి లేపి కూర్చున్న ఆ పిల్ల ముఖంలో భయం కూడా లేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్లలా ఎటో చూస్తోంది. లెక్కలు ఎట్లా నడుస్తున్నాయని ఇంట్లో అడిగితే "మంచిగ సమజైతానయ్ మమ్మీ" అనే పిల్ల.

హన్నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు వెనకే ఒళ్లు మండిపోయింది. తనను నవ్వులపాలు చేశాడు, సరే. తన బిడ్డకు ఒక్క ముక్క రాదని రోజూ కళ్లారా చూస్తూ, ఆ రాకపోవడాన్ని కూడా తన మార్కుల్లో కలుపుకున్నాడు. వీణ్ణి ఊరికే వదిలితే నేను మనిషినే కాదనుకుంది.

ఆ సాయంత్రం వంటింట్లో భర్తతో ఎడమ చేతుల సంగతి చెప్పింది. జయరాజు ఆర్టీసీ డిపోలో మెకానిక్. బోల్టు బిగించినట్టు ఒక్కో మాటా ఆలోచించి అంటాడు.

"ఇండ్ల అంత ఆలోచించేదేమున్నది?" అన్నాడు. "రేప్పొద్దున పోయి ప్రిన్సిపాల్ సార్‌కు జూపెట్టు. అయిపోతది గద."

"జూపెడితే ఏమైతది? తలుపేసుకొని మాట్లాడుకుంటరు. ఇద్దరు గలిసి చాయ్ తాగుతరు. నన్ను తలుపులన్ని తీసి పెట్టి నవ్విన్రు. ఆయనను గూడ గట్లనే నవ్వాలె. అదే హాలు, అదే పేరెంట్లు."

శనివారం మళ్లీ పేరెంట్స్ మీటింగు ఉంది. హైదరాబాదు నుంచి గురుదర్శి కంపెనీవాళ్లు వస్తున్నారు. అందరి ముందు శేఖర్ పాఠం చెబుతాడు. ఆ తర్వాత అతన్ని వైస్ ప్రిన్సిపాల్‌ను చేస్తారు. వచ్చే ఏడాది ఏ టీచరును ఉంచాలో, ఏ టీచరును పంపాలో అతని నోటిమాట. హన్నాకు ఉన్న అదను ఆ ఒక్క పూటే. చూసేవాళ్లు ఎవరైనా పిల్లల్ని ఒక ప్రశ్న అడగవచ్చని నోటీసు బోర్డులో పెట్టారు. ఎడమ చెయ్యి లేపిన పిల్లల్లో ఒకరిని లేపి అడిగితే చాలు, శేఖర్ కట్టిన మేడ కూలిపోతుంది.

"పగ మనకెందుకు హన్నా," అన్నాడు జయరాజు. "వారం వారం చర్చిల ఏం ఇంటానం మనం? మాఫ్ చేయమనే గద."

"దేవుడు మాఫ్ జేస్తే జెయ్యనీ. ఆయనను ఎవ్వరు తెర మీదేసి నవ్వలే."

జయరాజు టీ గ్లాసు కడిగి బోర్లించాడు. "మరి ఓ పిల్లనో పిలగానో లేపి నిలవెడ్తవు గద. రాదని అందరి ముంగట అనిపిస్తవ్. నీకు నొచ్చినట్టే ఆ పిల్లకు గూడ నొస్తది. ఎవ్వల పిల్లనో ఏమో పాపం," అన్నాడు.

హన్నా కుక్కర్ మూత బిగిస్తున్నట్టు నటించింది.

"మన ప్రియాంక అయితే కాదు గద?"

"మనది కుడి చెయ్యే," అంది హన్నా. కట్టుకున్నవాడితో అబద్ధమాడటం ఆమెకు అలవాటు లేదు. అయినా చాలా తేలిగ్గా వచ్చేసింది.

ఇక్కడి దాకా ఆమె తెలివికి వంక పెట్టడానికి లేదు. నోరు మూసుకుని శనివారం దాకా ఆగితే సరిపోయేది. ఇల్లు అలకగానే పండగ కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదా అంటే, పది మందికి ఆమే చెప్పి ఉంటుంది. కానీ పగ పట్టినవాళ్లకు ఒక జబ్బుంటుంది. దెబ్బ ఎటునుంచి పడబోతోందో ఎదుటివాడికి కాస్త తెలియాలి, వాడు వణకడం తాము చూడాలి. లేకపోతే పగలో రుచి ఉండదు. అదే జబ్బు శుక్రవారం పొద్దున వరండాలో హన్నాకు ఎదురైంది.

శేఖర్ అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాతో, చేతిలో హెల్మెట్‌తో వస్తున్నాడు. ఆగి పలకరించాడు. అతను ఎప్పుడూ మర్యాద తప్పడు. ఆగస్టులో ఆమె పరువు తీసినప్పుడు కూడా 'గౌరవనీయులైన హన్నా మేడమ్' అనే మొదలుపెట్టాడు.

"ఏం మేడమ్, నా క్లాసులు చూస్తానరంట. ఏమన్న పనికొచ్చినయా?"

"మస్తు పనికొచ్చినయ్ సార్."

"ఏం నేర్చుకున్నరో జర మాగ్గూడ చెప్పుండ్రి."

"చెయ్యి ఎట్ల లేపాల్నో నేర్చుకున్న," అంది హన్నా. అక్కడైనా ఆగిందా? ఆగలేదు. "కుడి చేతులు సరే సార్, రేపు ఎడమ చేతులు గూడ లెక్క పెడదాం."

శేఖర్ ముఖంలో రంగు మారింది. హెల్మెట్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. హన్నా ఆ ముఖాన్ని కళ్లనిండా చూసుకుని, ఆరో తరగతి వైపు నడిచింది. ఆ పూటంతా ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. ఒక రోజు ముందే కత్తి ఒరలోంచి తీసి ఎదుటివాడికి చూపించానన్న ఆలోచన మాత్రం రాలేదు.

శనివారం హాలు కిక్కిరిసింది. ధర్మసాగర్, వర్ధన్నపేట వైపు ఊళ్ల నుంచి బడి బస్సుల్లో అమ్మలు, నానమ్మలు దిగారు. వేదిక మీద బెంచీలు వేసి పదో తరగతిని కూర్చోబెట్టారు. వాళ్లకు ఎదురుగా కెమెరా. పక్కన పెద్ద తెర. పాఠం నడుస్తుండగానే గురుదర్శి వేసే మార్కులు అందులో పడతాయి. హన్నా నాలుగో వరసలో కూర్చుంది. జయరాజు డిపో నుంచి నేరుగా వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఎత్తులు, దూరాల పాఠం ఎత్తుకున్నాడు శేఖర్. ఖిలాలోని రాతి తోరణాన్ని దూరం నుంచి చూస్తే కోణం ఎంత, దగ్గరికి పోతే ఎంత అంటూ బాగానే చెబుతున్నాడు. చెప్పడం అతనికి రాక కాదు. మొదటి ప్రశ్న అడిగాడు. చేతులు లేచాయి. తెర మీద అంకె గబగబా పైకి పాకింది. హాల్లో చప్పట్లు.

హన్నా చేతుల వైపు చూసింది. కుడి. కుడి. కుడి. వెనక బెంచీలను వరస తర్వాత వరస వెతికింది. అన్నీ కుడి చేతులే.

 అప్పుడే ముందు వరసలోంచి ఒక నానమ్మ లేచింది. పేరు మొగిలమ్మ, సింధు వాళ్ల నానమ్మ.

"సారూ, పదో తరగతి పిల్లలందరు ఈడనే ఉన్నరా? మా సింధు ఏది? కానొస్తలేదు."

"మీ పాప గేటు కాడ గెస్టులకు మంచినీళ్లు ఇస్తాంది అమ్మా," అన్నాడు శేఖర్ నవ్వుతూ. "పని కూడ నేర్చుకోవాలె గద పిల్లలు."

మొగిలమ్మ కూర్చుంది. హన్నాకు అంతా అర్థమైంది. సింధు గేటు దగ్గర ఉంది. కట్టయ్య మనవడు కుర్చీలు మోస్తూ ఇందాక ఎదురయ్యాడు. ఎడమ చేతుల పిల్లలందరినీ ఏరి, ఏదో ఒక పని అప్పగించి, హాలు దాటించాడు. తనే నోరు జారి చెప్పింది, వాడు జాగ్రత్త పడ్డాడు. చేజేతులా చేసుకున్నది.

రెండో ప్రశ్నకు మళ్లీ చేతులు లేచాయి. ఈసారి హన్నా చూపు అన్నిటికంటే ముందున్న బెంచీ మీద పడింది. కిటికీ పక్కన కూర్చునే పిల్లను ఇవాళ తెచ్చి అక్కడ, అందరికీ కనిపించేలా కూర్చోబెట్టారు. నీలం రిబ్బన్లు. వాచీ ఉన్న చెయ్యి. హాలు మొత్తంలో పైకి లేచిన ఎడమ చెయ్యి అదొక్కటే.

ఆమె తలెత్తేసరికి శేఖర్ తెర వైపు చూడటం లేదు, పిల్లల వైపు చూడటం లేదు. ఆమె వైపే చూస్తున్నాడు. అందరినీ బయటికి పంపి ప్రియాంకను మాత్రం మరిచిపోలేదు. కావాలనే ఉంచాడు. ముందరి కాళ్లకు బంధం వేశాడు. నీకు కావలసిన ఎడమ చెయ్యి ఇదుగో, నీ బిడ్డదే, దమ్ముంటే లేపు అంటున్నాయి ఆ కళ్లు.

పాఠం ముగిసింది. తెర మీద అంకె తొంభై ఆరు. కంపెనీవాళ్లు ఒకరి వైపు ఒకరు చూసుకుని తలలూపారు. ఓంప్రకాశ్ మైకు అందుకున్నాడు.

"ఇప్పుడు పేరెంట్స్ గానీ, టీచర్స్ గానీ, పిల్లలను ఒక ప్రశ్న అడగొచ్చు. ఎవరన్న ఉన్నరా?"

హన్నా లేచి నిలబడింది. లేవాలని అనుకుని లేవలేదు. కాళ్లే లేచాయి. వెనక వరసల్లో ఎవరో 'ఫార్టీ త్రీ' అన్నారు. నలుగురు నవ్వారు. ఆ నవ్వు ఆగస్టు నాటిదే, ఏమీ మారలేదు. మైకు చేతులు మారి ఆమె దాకా వచ్చింది.

"ఒక్కటే ప్రశ్న సార్." ప్రశ్న అన్న మాట వినగానే వేదిక మీద పిల్లల చేతులన్నీ అలవాటుగా లేచాయి.

"ఒక్కటేంది మేడమ్, ఎన్నన్న అడుగుండ్రి," అన్నాడు శేఖర్. "మేడమ్ రోజు నా క్లాసులు చూసి నేర్చుకుంటానరు. ఏం నేర్చుకున్నరో మనం గూడ చూద్దాం." మళ్లీ నవ్వులు. అతను ఒక అడుగు పక్కకు జరిగి, ముందు బెంచీ వైపు చెయ్యి చాపాడు. "బయటి పిల్లలెందుకు మేడమ్? మీ పాపే ముంగట కూసున్నది. చెయ్యి గూడ లేపింది. మీ పాపనే అడుగుండ్రి."

హాలుకు అది ఎంతో నచ్చింది. తల్లి టీచరు, కూతురు స్టూడెంటు, చూడటానికి ముచ్చటే కదా. కంపెనీవాళ్లు కూడా నవ్వి ముందుకు వంగారు.

కుడి చెయ్యి లేపిన పిల్లను లేపితే టక్కున జవాబు చెబుతుంది, శేఖర్ గెలుస్తాడు. ఏమీ అడగకుండా కూర్చుంటే ఎట్లాగూ గెలుస్తాడు. ఓడించాలంటే మిగిలింది ఒక్కటే దారి. హన్నా వెనక్కి తిరిగి చూసింది. జయరాజు గోడను వదిలి రెండు అడుగులు ముందుకు వచ్చాడు. మనది కుడి చెయ్యేనని హన్నా చెప్పినా, ఆ ఒక్క ఎడమ చేతిని అతనూ చూశాడు. వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇంకొకరెవరైనా అయితే ఆ ముఖం చూసి కూర్చునేవాళ్లు. హన్నాకు కూడా ఒక్క క్షణం కూర్చోవాలనిపించింది. మళ్లీ వెనక వరసలోంచి అదే నవ్వు వినిపించింది.

"సరే సార్," అంది. "అడిగే ముందల పేరెంట్లకు ఒక ముచ్చట చెప్పాలె. శేఖర్ సార్ క్లాసుల అందరు చేతులు లేపుతరు. చూసినరు గద. జవాబొచ్చిన పిల్లలు కుడి చెయ్యి లేపుతరు. రాని పిల్లలు ఎడమ చెయ్యి లేపుతరు. మిషన్‌కు ఏ చెయ్యైన ఒకటే, మార్కులేస్తది. సార్ మాత్రం ఎడమ చెయ్యి పిల్లలను ఎన్నడు లేపడు. గందుకే ఇయ్యాల వాళ్లను గేటు కాడికి, కుర్చీల కాడికి పంపిండు."

హాల్లో గుసగుసలు లేచాయి. మొగిలమ్మ గేటు వైపు తిరిగి చూసింది. ఓంప్రకాశ్ కుర్చీలోంచి సగం లేచాడు. శేఖర్ నవ్వు పెదవుల మీద ఉంది కానీ కళ్లలో లేదు.

"మేడమ్, బాధల ఉన్నరు, నేను సమజ్ చేసుకుంట. కానీ ఇంతమందిల ఇట్ల అబద్ధాలు... సాక్ష్యమేమన్న ఉన్నదా?"

"ఉన్నది. మీరే తెచ్చి ముందు బెంచీల కూసోబెట్టిన్రు."

తల్లి అడగదన్నదే అతని లెక్క. అతను తప్పు చేసిన లెక్క అదొక్కటే.

"ప్రియాంకా," అంది హన్నా. "లే."

ఆ పిల్ల లేచింది. లేపిన చెయ్యి దించడం కూడా మరిచిపోయింది. హన్నా చాలా తేలికైన ప్రశ్న అడిగింది. లెక్క కట్టే పని కూడా లేదు, కాస్త అర్థమైతే చాలు.

"కరెంటు స్తంభం ఎంత పొడుగుందో, దాని నీడ గూడ అంతే పొడుగు పడ్డది. అప్పుడు సూర్యుడు ఎంత కోణంల ఉన్నట్టు?"

ముందు వరసలో ఒక కుడి చెయ్యి ఆత్రంగా లేచి, చుట్టూ చూసి దిగిపోయింది. ప్రియాంక తల్లినే చూస్తోంది. బడిలో తల్లిని మేడమ్ అనాలని చిన్నప్పుడే నేర్పారు ఆమెకు.

"నాకు రాదు మేడమ్," అంది.

చిన్న గొంతే అయినా చివరి వరస దాకా వినిపించింది. ఒక్కరూ నవ్వలేదు. మొగిలమ్మ లేచి, ఎవరినీ అడగకుండా, మనవరాలిని పిలుచుకు రావడానికి గేటు వైపు నడిచింది. ఆ వెనకే ఇంకో ఇద్దరు తల్లులు లేచారు. కంపెనీ మనిషి తెర వైపు చూసి పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. శేఖర్ ముఖం మీద రక్తపు చుక్క లేదు. ఆగస్టు నుంచి హన్నా నిద్రలో కూడా చూడాలనుకున్న ముఖం అదే. ఆమె కడుపు నిండా చూసింది.

అక్కడ మైకు కింద పెట్టేస్తే బాగుండేది. కానీ ఆకలి తీరలేదు. శేఖర్‌ను ఇంకొక్క మెట్టు కిందికి తొయ్యాలనిపించింది. వేదిక మెట్లెక్కి కూతురి దగ్గరికి పోయి మైకు చేతికిచ్చింది.

"ఎందుకు రాదో చెప్పు బిడ్డా. భయపడకు, అందరు వింటానరు."

ప్రియాంక మైకు పట్టుకుంది. ఇన్ని నెలలూ లేచి ఉన్న ఎడమ చెయ్యిని నెమ్మదిగా దించుకుంది. శేఖర్ సార్‌ను ఒకసారి చూసింది. తర్వాత, ఆగస్టు దాకా తనకు లెక్కలు చెప్పిన తల్లి వైపు తిరిగి, చాలాసేపు చూసింది. ఆ చూపులో కన్నీళ్లు లేవు. హన్నాకు అప్పుడు మొదటిసారి భయం వేసింది.

"చెప్తా మేడమ్," అంది ప్రియాంక. "ఎవ్వల గురించి చెప్పాలె? సార్ గురించా, మా మమ్మీ గురించా?"